అచ్చు రేకుతో చేసిన వణుకుపెట్టె

సముద్రం ఒడ్డున ఇసుకలో వేసిన స్టేజీ అది. పొద్దు కొబ్బరిచెట్ల మీదికి వాలుతోంది. నేను చేసిన పెట్టెలోకి గిటారు వైరు గుచ్చగానే స్పీకర్లన్నీ ఒక్కసారి గుయ్యిమన్నాయి. చిన్న మోత కాదు. నీళ్లు అందని మోటారు తిరుగుతున్నట్టు, ఆపేవాడు లేనట్టు ఒకటే మోత. చాపలు పరుచుకుని ముందు వరసలో చోటు పట్టుకున్న పిల్లలు చెవులు మూసుకున్నారు. కీబోర్డు వాయించే అతను నాది కాదన్నట్టు రెండు చేతులూ పైకెత్తాడు.

ఆర్కెస్ట్రా నడిపేది ఒక పెద్దావిడ. పాడేదీ ఆవిడే. అందరూ మేడంగారనేవాళ్లు. ఆవిడ నా వైపు చూడలేదు. గిటారు పట్టుకున్న మనిషి దగ్గరికి వెళ్లి మెల్లగా, పక్కనున్న మాకు మాత్రమే వినపడేలా అన్నారు.

"తమ్ముడూ, నీ మీద ప్రేమ వేరు, ప్రోగ్రాం వేరు. ఆ పెట్టె తీసెయ్యి. తీసేసి వాయించగలిగితే వాయించు. లేదంటే మొదటి స్వరం కీబోర్డు మీద కానిచ్చేద్దాం."

ఆయన తన ఎడమచేతి వేళ్లకేసి చూసుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. పెట్టె లేకుండా ఆయన ఆ స్వరం వాయించలేడు. ఆ సాయంత్రం అది కీబోర్డుకి వెళ్తే మళ్లీ గిటారుకి రాదు. ఆ రెండు సంగతులూ మా ముగ్గురికీ తెలుసు.

పత్రికలో పనిచేశానంటే ఎవరైనా ముందు అడిగేది, ఏం రాసేవారండీ అని. నేనేమీ రాయలేదు. రాసినవి అచ్చయ్యేలా చూశాను. ఒక దినపత్రిక రాజమండ్రి యూనిట్లో కరెంటు, ఎలక్ట్రానిక్స్ మెయింటెనెన్స్ నాది. గోడకి అవతల డెస్కువాళ్లు కొత్తగా చేరినవాళ్లకి, జరిగింది ముందు చెప్పండి, ఎందుకు జరిగిందో తర్వాత చెప్పండి అని పాఠం చెబుతుంటే ఉద్యోగమంతా విన్నాను. అందుకే స్టేజీ మీద మొదలుపెట్టాను. ఇప్పుడు ఎందుకు జరిగిందో చెప్తాను.

గిటారాయన మా యూనిట్లోనే ప్లేట్ల సెక్షన్. ఆ సెక్షన్ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పేపర్లో ప్రతి పేజీనీ ముందు ఒక పల్చటి అల్యూమినియం రేకు మీదికి ఎక్కిస్తారు. ఆ రేకుని మెషీన్ రోలరుకి చుడితే, దాని మీంచి పేజీ కాగితం మీద పడుతుంది. తెల్లారేసరికి ఆ రేకు పని అయిపోతుంది, తుక్కు కింద వెళ్లిపోతుంది. కోళ్లగూళ్ల మీద, కిళ్లీకొట్ల పక్కగోడలకి, పశువుల పాకల చూరు కింద మీరు ఆ రేకుల్ని చూసే ఉంటారు. దగ్గరికెళ్తే పాత వార్తలు చదువుకోవచ్చు కూడా.

ఆ రేకు అంచు బ్లేడులా ఉంటుంది. పండగ ప్రత్యేక సంచిక తొందరలో ఒకరోజు ఒక రేకు జారింది. జారేదాన్ని పట్టుకోవడం చేతికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఎడమచెయ్యి చాచి పట్టుకున్నాడు. మధ్యవేలు, ఉంగరం వేలు మొదట్లో అడ్డంగా తెగాయి. లోపలి నరాలు తెగాయన్నారు. ఆపరేషన్ చేశారు, కుట్లు వేశారు, సెలవు ఇచ్చారు. ఆఫీసు చెయ్యాల్సినవన్నీ చేసింది. కొన్నాళ్లకి ఆయన తిరిగి అదే సెక్షన్‌లో, అదే రేకుల మధ్య పనిలోకి వచ్చాడు. రేకులు ఎత్తడానికి ఆ వేళ్లు సరిపోయాయి.

గిటారుకి సరిపోలేదు. చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్న విద్య ఆయనది. సెలవు దొరికినప్పుడల్లా మేడంగారి ఆర్కెస్ట్రాతో పెళ్లిళ్లకి, తీర్థాలకి వెళ్లేవాడు. ప్రోగ్రాం మొదట్లో, ఇంకా ఎవరూ పాడకముందు, ఒక్క గిటారు మీద ఒక స్వరం వాయించేవాడు. అది ఏ పాటదీ కాదు, ఆయన కట్టుకున్న వరస, మొదటి స్వరం అని దాని పేరు. నెమ్మదిగా ఎక్కి, దిగి, చివర ఒక పొడుగాటి స్వరం దగ్గర ఆగుతుంది. దాన్ని ఉంగరం వేలి కింద తీగని అటూ ఇటూ కదిలిస్తూ వణికించి వదిలేవాడు. బల్లల మీద భోజనాలు చేస్తున్నవాళ్లు కూడా చెయ్యి ఆపేవారు.

చెయ్యి బాగయ్యాక ఎలా ఉందయ్యా అని అడిగితే ఒకటే మాట చెప్పాడు.

"తీగ తొక్కగలనండి, గురువుగారూ. వణికించలేను."

చూపుడువేలితో ప్రయత్నించాడట. ఆ స్వరం ఆ వేలి దగ్గర ఆగదు. వేళ్లన్నీ మార్చి కట్టుకుందామంటే అది వేరే స్వరమైపోతోంది. డాక్టరుగారేమో రావచ్చు, రాకపోవచ్చు, తొందరపెట్టకండి అన్నారు. అంతకన్నా నిజాయితీగా ఎవరు మాత్రం ఏం చెప్తారు.

మేడంగారు ఒక సీజనంతా ఆగారు. ఆయన్ని మానిపించలేదు. వెనక వరసలో తాళానికి తీగలు మీటే పని ఇచ్చి, మొదటి స్వరాన్ని కీబోర్డు అతనికి ఇచ్చారు. అతను బాగానే వాయించాడు, అందులో అబద్ధం లేదు. తర్వాత ఒక కబురు పంపారు. సముద్రపు ఒడ్డున మత్స్యకారుల ఊళ్లో అమ్మవారి తీర్థానికి ఒప్పుకున్నామని, అక్కడివాళ్లు గిటారాయన్నే అడుగుతున్నారని, ఆ రోజు వాయించగలిగితే మొదటి స్వరం మళ్లీ నీదేనని, లేకపోతే ఇకమీదట అది కీబోర్డుదని అందరికీ చెప్పేస్తానని.

ఆ కబురు క్యాంటీన్లో నా ఎదురుగానే విన్నాడు. మా ఫోర్‌మన్ కూడా అక్కడే ఉన్నాడు. ఫోర్‌మన్‌ది పక్కా గోదావరి లంకల మనిషి నోరు.

"వణుకే కదా కావాల్సింది. మాఘమాసంలో తెల్లారుజామున గోదాట్లో ముంచి తీద్దాం. ఎవరికైనా వస్తుంది" అన్నాడు.

ఆయన నవ్వాడు. మేమూ నవ్వాం. నవ్వాక ఫోర్‌మనే, అసలు దానికి ఏదో పెట్టె దొరుకుతుందటగా అని అడిగాడు.

దొరుకుతుంది. గిటారువాళ్లు కాలి దగ్గర పెట్టుకుని తొక్కే పెట్టెలు. ఆర్కెస్ట్రాలో ఇంకొకరి దగ్గర కోరస్ పెట్టె ఒకటి ఉంటే అరువు తెచ్చుకుని చూశాడు. ఒక గిటారు వాయిస్తే రెండు గిటార్లు కలిసి వాయించినట్టు వినిపిస్తుంది. అందరూ బాగుందన్నారు. ఆయనకి నచ్చలేదు. "నాకు ఇద్దరు వద్దండి. ఒక్కడు చాలు" అన్నాడు.

ఆ మాటతోనే నాకు చేతులు దురద పుట్టాయి. ఎందుకో చెప్పాలంటే ఆ పెట్టెలో ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి. మీరెప్పుడైనా మన గోదావరి గట్టు మీద కూర్చుని వంతెన మీద రైలు కూత విన్నారా? మన వైపు వస్తున్నంతసేపూ కూత కాస్త హెచ్చుగా ఉంటుంది, దాటి వెళ్లిపోతుంటే దిగిపోతుంది. రైలు కూసేది ఒకటే కూత. దూరం మారుతోంది కాబట్టి మన చెవికి అలా తగులుతుంది. పెట్టెలో పని కూడా అదే. గిటారు శబ్దాన్ని రెండుగా చీలుస్తారు. ఒకటి తిన్నగా వెళ్లిపోతుంది. రెండోదాన్ని కాస్త ఆపి పంపుతారు. ఆపే కాలాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు, ఆ రైలు వస్తూ పోతూ ఉన్నట్టు. అప్పుడు రెండోది వణుకుతుంది. రెండూ కలిపి వింటే కోరస్, ఇద్దరు వాయించినట్టు. తిన్నగా వెళ్లేదాన్ని తెంపేస్తే మిగిలేది వణుకు ఒక్కటే. దాన్ని వైబ్రాటో అంటారు. రెండింటికీ తేడా ఒక్క వైరు.

కొన్న పెట్టెని కోసి ఆ వైరు తెంపుదామన్నాను. పరాయి వస్తువుని కోయడానికి ఆయన ఒప్పుకోలేదు. అయితే మనమే చేద్దాం అన్నాను. ఒక స్విచ్చు వేస్తే కోరస్, ఇంకోవైపు వేస్తే వైబ్రాటో. వణుకు ఎంత వేగంగా ఉండాలో తిప్పి పెట్టుకోవడానికి ఒక బిరడా, ఎంత లోతుగా ఉండాలో ఇంకో బిరడా. నీ వేలు ఎలా వణికేదో అలాగే పెట్టుకోవచ్చన్నాను. ఉత్సాహంలో అన్న మాట అది. ఆయన మాత్రం దాన్ని పట్టుకున్నాడు.

పత్రిక ఆఫీసువాళ్లకి పగళ్లే తీరిక. మధ్యాహ్నాలు మా ఇంటి వెనక వసారాలో కూర్చునేవాళ్లం. సర్క్యూట్ పటం ఇంటర్నెట్‌లో దొరికింది. అందులో చెప్పిన ఐసీని ఆన్‌లైన్‌లో తెప్పిస్తే, మీద పేరు సరిగ్గానే ఉంది, లోపల ప్రాణం లేదు. నకిలీ సరుకు. ఏం చేద్దామా అనుకుంటుంటే సామర్లకోటలో తెలిసిన మైకుసెట్టు ఆయన గుర్తొచ్చాడు. మన వైపు మైకులో ఎకో లేకపోతే అది మైకుసెట్టే కాదు కదా. ఒక్కసారి హలో అంటే వెనకాల ఇంకో రెండు హలోలు వినపడాలి. ఆయన దగ్గర పాడైన ఎకో బోర్డులు ఒక గోనెసంచినిండా ఉన్నాయి. శబ్దాన్ని ఆపి పంపే పనే కాబట్టి ఆ బోర్డులోని ఐసీ మాకూ పనికొస్తుంది. కాకపోతే అది కాస్త ఎక్కువ ఆపుతుంది. ఎంత బిగించినా అంతకన్నా తగ్గదు.

మొదటిసారి వాయించి చూసినప్పుడు వణుకు వచ్చింది. నిజంగానే వచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన మాత్రం ఆగిపోయి కళ్లు మూసుకుని మళ్లీ అదే స్వరం మీటాడు.

"ఏం, బాలేదా?"

"బాగుందండి. కానీ నేను తలుపు కొట్టాక లోపల్నించి ఎవరో నెమ్మదిగా వచ్చి తీస్తున్నట్టుంది."

ఎకో ఐసీ ఆపుతున్న ఆ కాస్త ఆలస్యాన్నే ఆయన చెప్తున్నాడు. నా చెవికి అది అందనే లేదు. అలవాటైపోతుందిలే అన్నాను. ఆయ్ అన్నాడు. ఆ రోజు నుంచి అలవాటు చేసుకోవడం మొదలుపెట్టాడు.

ఇక పెట్టె. దుకాణంలో ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది, ఇనుప డబ్బా దొరుకుతుంది. మేం పేపరోళ్లం, మాకు అవి ఆనతాయా. టేకుచెక్కతో చట్రం కొట్టించి, దాని చుట్టూ మన రేకు చుడదామన్నాడు ఆయన. మన సరుకు మన పెట్టె అని నేనూ ముచ్చటపడ్డాను. తుక్కులోంచి ఒక జిల్లా పేజీ ఎంచాడు. మడత పెట్టాక పైభాగంలోకి వచ్చింది ఎవరిదో తప్పిపోయిన గేదె ప్రకటన, ఆనవాళ్లతో సహా. ఫోర్‌మన్ చూసి, ఇది వాయిస్తే గేదె ఎక్కడున్నా తిరిగొచ్చేస్తుందన్నాడు.

రేకు విషయంలో ఆయన శ్రద్ధ చూడాలి. ప్లేట్ల సెక్షన్లో మొదటి పాఠం, రేకు మీద గీత పడకూడదు. గీత పడితే అచ్చులో మచ్చ పడుతుంది, తెల్లారి ఎడిటరు నుంచి ఫోన్ వస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పింది ఆయనే. ఆ చేతులే ఈ పెట్టె చేశాయి. కింద గుడ్డ పరిచి బెజ్జాలు వేశాడు. వైరు గుచ్చే జాక్ బిగించేటప్పుడు నట్టు రేకుని గీస్తుందని కాగితం వాషరు కత్తిరించి వేశాడు. ఎంత నీటుగా ఉందయ్యా అన్నాను నేను, చూస్తూ.

పూర్తయిన రోజు వాయించి చూస్తుంటే మా ఆవిడ అంది, "ఏదో గుయ్యిమంటోందండీ."

మేమిద్దరం చెవులు రిక్కించాం. ఏమీ వినపడలేదు.

"ఏం లేదే" అన్నాను.

"మీ ఇద్దరికీ ఏం లేదు. ఇద్దరూ మెషీను పక్కన పుట్టారు" అనేసి వెళ్లిపోయింది.

తర్వాత ఆలోచిస్తే ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఏళ్ల తరబడి అచ్చు మెషీన్ మోతలో ఉన్న చెవులకి గుయ్యిమనడం శబ్దం కాదు, నిశ్శబ్దం. ఇంట్లో చిన్న స్పీకరు కాబట్టి మోత చిన్నది. మేం దాన్ని వినలేదు. విన్న మనిషిని నమ్మలేదు.

తీర్థం రోజు ఆర్కెస్ట్రా వ్యానులో నేనూ ఎక్కాను. నాకక్కడ పని లేదు. పెట్టె వెళ్తోంది కాబట్టి వెళ్లాను. దారిలో పాయ దాటడానికి వ్యానుని పంటు మీదికి ఎక్కించారు. అందరూ దిగి గాలికి నిలబడ్డారు. మేడంగారు నన్ను పక్కకి పిలిచి, అది పనిచేస్తుందా అండీ అని అడిగారు. చేస్తుందన్నాను. చెయ్యకపోతే అతనికి ఆ మాట నేనే చెప్పాలి, అది నాకు సరదా కాదు అన్నారు. చిన్నప్పటినుంచీ తన వెనక వాయించినవాడని, కొడుకు వయసువాడైనా తమ్ముడనే పిలుస్తానని, ఆ పిలుపు వల్లే ఇంత ఆగానని, జనం మాత్రం పిలుపులు చూడరని చెప్పారు. ఆయన పంటుకి అవతలి అంచున నిలబడి నీళ్లలోకి చూస్తూ ఎడమచేతి వేళ్లని కుడిచేత్తో పిసుక్కుంటున్నాడు.

అక్కడినుంచి మనం స్టేజీ మీదికి వచ్చేశాం. పెద్ద స్పీకర్లు, కొబ్బరిచెట్లకి చుట్టిన రంగు బల్బుల తీగలు, ఇసుకలో పాము మెలికల్లా జనరేటరు కేబుళ్లు. మా వసారాలో చిన్న స్పీకరు దాచిన సంగతిని ఇక్కడ ఇన్ని స్పీకర్లు ఊరంతటికీ చెప్పేశాయి.

పొద్దు చెట్ల వెనక్కి దిగేదాకా టైమివ్వండి అని మేడంగారిని అడిగాను. ఆవిడ చెట్లకేసి చూసి, సరేనన్నారు.

స్టేజీ వెనక ఇసుకలో కూర్చుని పెట్టె విప్పాను. గిటారాయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. జనరేటరుని నమ్మలేక బ్యాటరీ మీద నడుపుతున్నాం, కాబట్టి మోత లోపలి కరెంటు నుంచి వచ్చేది కాదు. అతుకులన్నీ బాగున్నాయి. మళ్లీ మూసి వైరు గుచ్చి, పెట్టె మీద చెయ్యి పెట్టాను. మోత పెరిగింది. చెయ్యి తీశాను. తగ్గింది. లోహపు పెట్టె చుట్టూ ఉంటే బయటి కరెంటు వాసన లోపలికి రాకూడదు. రాకుండా ఉండాలంటే ఆ రేకు, జాక్ నట్టు ద్వారా ఎర్త్ వైరుకి కలిసి ఉండాలి. కలిసి ఉంటే నేను ముట్టుకున్నా మోత పెరగదు.

రెండూ కలిసి ఉంటే మీటరు కూస్తుంది, దాని ఒక కొన నట్టు మీద, ఇంకో కొన రేకు మీద పెట్టాను. కూత లేదు. కాగితం వాషరు కనపడింది. దాన్ని పీకేసి నట్టు బిగించాను. ఇప్పుడూ కూత లేదు. రెండు కొనలూ కత్తిరించిన అంచు మీదే పెట్టాను. కుయ్యిమంది.

ఆయనకి నాకన్నా ముందే అర్థమైంది.

"పొర, గురువుగారూ" అన్నాడు.

అచ్చు రేకు మీద ఫ్యాక్టరీలోనే ఒక గట్టి పొర పట్టిస్తారు. ఇంకు పట్టే చోట పట్టి, నీళ్లు నిలిచే చోట నిలవడానికి ఆ పొర ఉండాలి. దాని గుండా కరెంటు పోదు. ఈ సంగతి మా ఇద్దరికీ తెలియక కాదు. ఆ పొరని కాపాడడానికే ఆయనకి జీతం. దాని కింద గుడ్డ పరిచాం, వాషరు వేశాం, ఒక్క గీత పడనివ్వలేదు. మామూలు రేకుడబ్బాతో చేసే ఏ మెకానిక్కూ ఈ తప్పు చెయ్యలేడు. దీనికి మేమే కావాలి.

గీకడానికి నా దగ్గర స్క్రూడ్రైవరు తప్ప లేదు, అది జారుతోంది. ఎండుచేపలు తట్టలో పెట్టుకుని కూర్చున్న ఒక ముసలావిడ ఇందాకటి నుంచి మమ్మల్నే చూస్తోంది. కత్తి ఉందా అమ్మా అంటే, మొలలోంచి తీసి ఇస్తూ, "పాటల మేళమన్నారు, మీరేంటండీ రేకులపని పెట్టారు. మొండి చేసి ఇవ్వకండి, రేపు సంత ఉంది" అంది.

కత్తి ఆయన చేతికే ఇచ్చాను. ఒక క్షణం తటపటాయించాడు. తర్వాత నట్టు కూర్చునే చోట రేకుని గీకాడు, తప్పిపోయిన గేదె కొమ్ముల ఆనవాలు మీదుగా. కింద తెల్లటి లోహం మెరిసింది. అన్నేళ్లలో ఆయన తన చేత్తో ఒక రేకు మీద గీత పెట్టడం అదే మొదలు.

మళ్లీ గుచ్చాం. స్పీకర్లు పలకలేదు. స్టేజీ వెనక ఎక్కడో జనరేటరు, దాని వెనక సముద్రం వినిపించాయి. మేడంగారు అటునుంచే తల ఊపారు. మొదటిది నీదే, మళ్లీ అరిస్తే మాత్రం కీబోర్డు అందుకుంటుంది అని మైకులో కాకుండా చెప్పారు.

నేను స్టేజీ పక్కన, ఆయన వీపు వైపు నిలబడ్డాను. మొదట కోరస్ పెట్టాడు. ఇద్దరు వాయిస్తున్నట్టు స్వరం ఇసుక మీదికి పరుచుకుంది. మధ్యలో స్విచ్చు మార్చాడు. ఇద్దరిలో ఒకరు వెళ్లిపోయి, వణుకుతున్న ఒక్కడు మిగిలాడు. పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతోంది, కాలితో తొక్కితే పెట్టె పని ఆగి ఆ దీపం ఆరిపోవాలి. చిన్నచిన్న స్వరాలన్నీ కూడా ఒకే తీరున వణుకుతున్నాయి. వేలైతే ఏది వణికించాలో, ఏది వదిలెయ్యాలో ఎంచుకుంటుంది. పెట్టెకి ఆ ఎంపిక లేదు. ముందు వరసల్లో పిల్లలు అల్లరి ఆపలేదు. పరవాలేదు, గడిచిపోతుంది అనుకున్నాను.

చివరి స్వరానికి ముందు ఆయన కాలు కదిలింది. ఎర్రదీపం ఆరిపోయింది. పొరపాటున తొక్కేశాడనుకుని నేను ఒక అడుగు ముందుకి వేశాను కూడా. చివరి స్వరం మీటాడు. అది కాసేపు తిన్నగా, కర్ర పాతినట్టు నిలబడింది. తర్వాత కదిలింది. చాలా నెమ్మదిగా, మొదట ఉందో లేదో అన్నట్టు, తర్వాత స్పష్టంగా వణికింది. వణికి, సన్నబడి, సముద్రంలో కలిసింది. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. కత్తి ఇచ్చిన ముసలావిడ తట్ట మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చుంది. ఈలలు ఆ తర్వాత వచ్చాయి.

మేడంగారు మైకు అందుకుని వెంటనే పాట ఎత్తుకున్నారు. ఎత్తుకునే ముందు ఆయన్ని వెనక వరసకి పొమ్మనలేదు. ముందే ఉండమని చేత్తో చూపించారు.

ప్రోగ్రాం మధ్య విరామంలో ఆయన కిందికి దిగాడు. చొక్కా తడిసిపోయింది.

"చివర్లో ఆపేశావా?"

"తొక్కానండి."

"ఎందుకు?"

"చివరిదైనా ఆలస్యం లేకుండా నా దగ్గరినుంచి వెళ్లాలనిపించింది. వణక్కపోతే వణక్కపోయిందని."

"మరి వణికిందిగా."

"వణికిందండి."

"వేలా, పెట్టా?"

ఆయన ఎడమచెయ్యి పైకెత్తి, రంగుబల్బుల వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"తెలియలేదండి. ఆ వేలు ఇంకా తిమ్మిరిగానే ఉంటుంది. తను ఏం చేస్తుందో నాకు చెప్పదు."

మెయింటెనెన్స్ మనిషిని కదా, అంతటితో ఊరుకోలేదు. పెట్టె చూశాను. కాలితో తొక్కే స్విచ్చు లోపల రెండు జతల ముక్కలుంటాయి. ఒక జత శబ్దాన్ని మారుస్తుంది, ఇంకో జత దీపాన్ని. అందులోకి ఇసుక చేరింది. తొక్కుతూ చూస్తే ఒక్కోసారి రెండూ ఆరుతున్నాయి, ఒక్కోసారి దీపం ఆరినా పెట్టె పనిచేస్తూనే ఉంది, లేదా కాసేపు ఆగి మళ్లీ మెల్లగా అందుకుంటోంది. అంటే దీపం సాక్ష్యం చెల్లదు. ఆ ఊరి కమిటీ పెద్ద ఫోనులో తీసిన వీడియో తెప్పించుకుని విన్నాను. చివరి స్వరం వణుకు నేను బిరడాతో పెట్టినదానికన్నా నెమ్మదిగా ఉంది. కాబట్టి వేలే అని ఒక పూటంతా సంతోషించాను. తర్వాత బ్యాటరీ కొలిస్తే దిగిపోయి ఉంది. బ్యాటరీ దిగితే ఈ పెట్టె వణుకు కూడా నెమ్మదిస్తుంది. వీడియోలో ఆయన వేలు కనపడాల్సిన చోట మైకు స్టాండు ఉంది.

ఫోర్‌మన్‌కి వీడియో చూపించాను. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. విని, మళ్లీ పెట్టమన్నాడు.

కొత్తగా పనిలో చేరే పిల్లలు ఇది చదువుతుంటే రెండు మాటలు. ఏ పెట్టె చేసినా మూసే ముందు మీటరు పెట్టి చూడండి. మోత వినిపిస్తోందని ఇంట్లో ఎవరైనా అంటే, మీకు వినపడకపోయినా నమ్మండి. మూడో మాట చెప్పేంత పెద్దవాణ్ణి కాను.

నేను రిటైరయ్యాను. ఆయన ఇంకా ప్లేట్ల సెక్షన్‌లోనే ఉన్నాడు. మొదటి స్వరం ఆయనదే, మేడంగారు మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. ప్రోగ్రాం ఎక్కడైనా అదే పెట్టె పట్టుకెళ్తాడు, చివరి స్వరం ముందు దాన్ని తొక్కుతాడు. పెట్టె ఊడదీసి పక్కన పెట్టి ఒక్కసారి ఉత్త గిటారు మీద వాయించి చూడమన్నాను. చూద్దాంలెండి అన్నాడు. డాక్టరుగారికి చూపించుకోమంటే, వెళ్తే తెలిసిపోతుంది కదండీ అన్నాడు. ఇసుక చేరిన ఆ కాలి స్విచ్చు మార్చి కొత్తది వేసిస్తానని ఇప్పటికి రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ వద్దన్నాడు.